మొదటి ప్రయాణికులు ఇంటివాళ్లే అయినప్పుడు

ప్రైవేట్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చిన రోజు ఇంట్లో పండుగే. ఫోన్లు, అభినందనలు, మిఠాయిలు అయిపోయాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి మమ్మల్నెప్పుడు ఎక్కిస్తావు?" అమ్మ కాస్త భయపడుతూనే సరేనంటుంది. నాన్న బంధువులందరికీ అప్పుడే చెప్పేసి ఉంటాడు. చెల్లెలు వీడియో ఎలా తీయాలో ఆలోచిస్తుంటుంది. మేనమామ ముందు సీటు తనదేనంటాడు. కొత్త పైలట్ మనసులోనూ అదే ఉంటుంది. ఫీజులు కట్టినవాళ్లకు, తెల్లవారుజామునే లేచి టిఫిన్ కట్టిచ్చిన వాళ్లకు పైనుంచి ఊరు చూపించాలని ఎవరికి ఉండదు?

ఈ కోరికలో తప్పు లేదు. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. పైలట్‌కు అనుభవం అన్నిటికన్నా తక్కువగా ఉండే రోజులూ, తనకు అన్నిటికన్నా విలువైన మనుషులు వెనక సీట్లలో కూర్చునే రోజులూ ఒకటే అవుతున్నాయి. పైగా ఆ మనుషులు ప్రశ్నలు వేయరు. మోటార్‌సైకిల్ వెనక కూర్చున్న తల్లి "ఎందుకురా అంత స్పీడు" అని భుజం తడుతుంది. కారులో ఘాట్ రోడ్డెక్కితే పక్కన కూర్చున్న బాబాయి "హారన్ కొట్టు" అంటాడు. రోడ్డు గురించి ప్రతి ఇంటికీ ఎంతో కొంత తెలుసు. నాలుగు సీట్ల విమానం గురించి ఏ ఇంటికీ తెలియదు. జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో మొదటి పైలట్ లైసెన్సు అందుకుని దాదాపు శతాబ్దం కావస్తున్నా, సొంతవాళ్లు నడిపే చిన్న విమానంలో ప్రయాణం మన కుటుంబాలకు ఇంకా కొత్తే.

అందుకే, ఇంటివాళ్ల మీద ప్రేమ ఆ మొదటి ప్రయాణాన్ని త్వరపెట్టే కారణం కాకూడదు, నెమ్మదిగా ఆలోచించేందుకు కారణం కావాలి. "ఈ రోజు వద్దు" అనే మాటకు విమానం ఎక్కకముందే ఇంట్లో గౌరవం దక్కాలి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. దీని వెనక భౌతికశాస్త్రం ఉంది, శరీరశాస్త్రం ఉంది, చరిత్ర కూడా ఉంది.

రైట్ సోదరులు ఎంతకాలం ఆగారు?

ప్రపంచంలో మొట్టమొదటి పైలట్ల కథే ఇందుకు మంచి ఉదాహరణ. ఆర్విల్ రైట్, విల్బర్ రైట్ తొలిసారి ఇంజిన్ ఉన్న విమానంలో ఎగిరింది 1903 డిసెంబరు 17న. వాళ్ల విమానంలో మొదటి ప్రయాణికుడు ఎక్కింది నాలుగేళ్లు దాటాక, 1908 మే 14న. ఆయన కుటుంబ సభ్యుడు కాదు, వాళ్ల దగ్గర పనిచేసే మెకానిక్ చార్లెస్ ఫర్నాస్. అదే ఏడాది సెప్టెంబరు 17న అమెరికాలోని ఫోర్ట్ మయర్ దగ్గర ఆర్విల్ నడుపుతున్న విమానం కూలింది. ప్రొపెల్లర్ చీలి ఒక తీగను తెంపడంతో విమానం అదుపు తప్పింది. ఆర్విల్ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ థామస్ సెల్‌ఫ్రిడ్జ్ మరణించారు. ఇంజిన్ విమాన ప్రమాదంలో ప్రాణం కోల్పోయిన మొదటి మనిషి ఆయనే.

ఆస్పత్రిలో ఆర్విల్‌కు సేవ చేసింది చెల్లెలు క్యాథరీన్. 1909 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని పో పట్టణంలో ఆమె అన్న విల్బర్‌తో కలిసి మొదటిసారి ఎగిరారు. తండ్రి మిల్టన్ రైట్ వంతు ఇంకా తర్వాత, 1910 మే 25న వచ్చింది. అంటే తొలి ప్రయాణానికి ఆరేళ్లు దాటాక. అప్పటికి అన్నదమ్ములు వందల సార్లు ఎగిరి ఉన్నారు.

ఆ ఇంట్లో ఒక నియమం కూడా ఉండేది. ఇద్దరు కొడుకులూ ఒకే విమానంలో ఎక్కకూడదని మిల్టన్ మాట తీసుకున్నారు. ప్రమాదం జరిగితే ఇద్దరూ పోకూడదు, చేస్తున్న పని ఆగిపోకూడదు అన్నది ఆయన ఆలోచన. ఆ మే 25న మాత్రం తండ్రి అనుమతితో ఇద్దరూ కలిసి కొద్ది నిమిషాలు ఎగిరారు. ప్రేమ ఉన్న ఇంట్లోనే లెక్క కూడా ఉంది. ఆ లెక్కను ఎవరూ పిరికితనం అనుకోలేదు.

లైసెన్సు చెప్పేది ఎంత?

మన దేశంలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీస వయసు 17 ఏళ్లు. కనీసం 40 గంటల విమాన అనుభవం కావాలి. రాత పరీక్షలు, వైద్య పరీక్షలు, ఎగిరి చూపించే పరీక్ష ఉంటాయి. ఇవన్నీ దాటినవారికి డీజీసీఏ లైసెన్సు ఇస్తుంది. ప్రయాణికులను ఎక్కించుకోవచ్చు గానీ డబ్బు తీసుకుని నడపకూడదు.

నలభై గంటలంటే ఎంత? ఉద్యోగి ఒక వారంలో ఆఫీసులో గడిపే సమయం. ఆ గంటల్లో కొంత భాగం పక్కన శిక్షకుడు ఉంటారు, మిగిలినవి ఒంటరిగా ఎగిరినవి. వెనక సీట్లో ఇద్దరు మాట్లాడుతుండగా, ఒకరికి వాంతి వస్తుండగా, పక్కనున్నవారు "అది మన కాలేజీయేనా?" అని అడుగుతుండగా రేడియోలో కంట్రోలర్ మాట విని జవాబు చెప్పిన అనుభవం ఆ గంటల్లో ఉండదు.

అమెరికాలో ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే పైలట్ గత 90 రోజుల్లో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసి ఉండాలన్న నిబంధన ఉంది. చేతి అలవాటు తప్పకుండా ఉండటానికి ఇది కనీస హద్దు. కనీస హద్దు దాటితే చట్టం ఒప్పుకుంటుంది. ఆ రోజు గాలికీ బరువుకీ అది సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న.

అత్తయ్య బరువు అడగక తప్పదు

పరీక్షలో బరువు లెక్క సులభం. ప్రశ్నాపత్రంలోనే అంకెలు ఉంటాయి. ఇంట్లో ఆ అంకెలు అడగడమే కష్టం. అత్తయ్యను బరువెంతని అడిగితే నవ్వి మాట మార్చేస్తుంది, లేదా పదేళ్ల కిందటి అంకె చెబుతుంది. మర్యాద కోసం అంచనా వేసుకున్న బరువు విమానానికి తెలియదు. అది మోసేది అసలు బరువునే.

శిక్షణ సంస్థల్లో ఎక్కువగా కనిపించే సెస్నా 172 తరహా విమానాన్నే తీసుకుందాం. ఇందులో 172ఎస్ రకం టేకాఫ్‌కు అనుమతించిన గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానం, అమర్చిన పరికరాలను బట్టి, సుమారు 770 కిలోలు అనుకుంటే మిగిలేది 387 కిలోలు. ట్యాంకులు నిండా ఇంధనం పోస్తే దాని బరువే దాదాపు 144 కిలోలు. ఇక మనుషులకూ సామానుకూ మిగిలేది 243 కిలోలు. డెబ్బై కిలోల చొప్పున నలుగురు ఎక్కితే 280. అప్పటికే హద్దు దాటిపోయింది. నాలుగు సీట్లు ఉన్నాయంటే ఎప్పుడూ నలుగురు ఎక్కవచ్చని కాదు. ఇంధనం తగ్గించాలి, లేదా ఒకరు దిగాలి.

ఇంధనం సగానికి తగ్గించి నలుగురూ ఎక్కారనుకుందాం. బరువు హద్దులోనే ఉంటుంది. కానీ అదే సగం ఇంధనంతో ఒంటరిగా ఎగిరినప్పుడు ఆ విమానం బరువు 912 కిలోలు, ఇప్పుడు 1,122. దాదాపు 23 శాతం ఎక్కువ. బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్‌కు కావలసిన దూరం 20 శాతం పెరుగుతుందని బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాల పైలట్లకు చెబుతుంది. ఆ సూత్రం ప్రకారం ఇక్కడ దూరం ఒకటిన్నర రెట్లు అవుతుంది. తనకు బాగా అలవాటైన రన్‌వే మీద, ఎప్పుడూ చక్రాలు లేచే చోట ఈసారి లేవవు.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. వెనక సీట్లలో ఇద్దరు కూర్చుని, వాళ్ల వెనక బ్యాగులు పెడితే విమానం గరిమనాభి వెనక్కి జరుగుతుంది. అది అనుమతించిన హద్దు దాటి వెనక్కి పోతే ముక్కు తనంతట తాను పైకి లేవాలని చూస్తుంది, స్థిరత్వం తగ్గుతుంది, అదుపు తప్పితే తిరిగి దారికి తేవడం కష్టమవుతుంది. హద్దులో ఉన్నా సరే, చేతికి తగిలే తీరు మారిపోతుంది. శిక్షణ అంతా వెనక సీట్లు ఖాళీగా ఉంచి చేసిన పైలట్‌కు ఇది దాదాపు కొత్త విమానమే. ఆ కొత్తదనాన్ని మొదటిసారి అమ్మానాన్నలతో ఉండగా తెలుసుకోకూడదు.

మే నెల గాలి పలచన

వేసవి సెలవుల్లోనే బంధువులు వస్తారు. విమానం ఎక్కాలన్న ముచ్చటా అప్పుడే తీరాలంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి విమానానికి తక్కువ సాయం చేస్తుంది.

రెక్క మోసేది గాలిని ఆధారం చేసుకునే. ఇంజిన్ మండించేది గాలిలోని ఆక్సిజన్‌తోనే. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టేదీ గాలినే. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది, దాని సాంద్రత తగ్గుతుంది. ఎత్తు పెరిగినా అంతే. ఈ రెండిటి ప్రభావాన్ని కలిపి, విమానం ఎంత ఎత్తులో ఉన్నట్లు ప్రవర్తిస్తుందో చెప్పే అంకెను పైలట్లు డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు.

హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది. వాతావరణ పీడనం మామూలుగానే ఉందనుకున్నా, 40 డిగ్రీల ఎండలో అక్కడి డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5,000 అడుగులు దాటుతుంది. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల ప్రామాణిక పరిస్థితితో పోలిస్తే గాలి సాంద్రత సుమారు 14 శాతం తక్కువ. అంటే మే మధ్యాహ్నం నేల మీదున్న విమానం, ఇంకా కదలకముందే, ఒక కొండ ఊరి ఎత్తుకు చేరిపోయినట్లే. రన్‌వే ఎక్కువ కావాలి, పైకెక్కే వేగం తగ్గుతుంది. జనవరి ఉదయం ఒంటరిగా ఎగిరినప్పటి అనుభవాన్ని మే మధ్యాహ్నం నలుగురితో ఎగరడానికి ఆధారం చేసుకుంటే బరువు, ఎండ రెండూ ఒకేసారి ఎదురు తిరుగుతాయి.

ఎండ ఇంకో పనీ చేస్తుంది. నేల వేడెక్కి గాలి బుడగలుగా పైకి లేస్తుంటే చిన్న విమానం ఎడ్లబండి దారిలో వెళ్లినట్లు కుదుపులు తింటుంది. పైలట్‌కు అది మామూలే. మొదటిసారి ఎక్కిన అమ్మకు అది కూలిపోవడానికి సూచనలా అనిపించవచ్చు. అందుకే తెల్లవారాక మొదటి రెండు గంటలు మేలు. గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది.

ఇంటి మీద ఒక చుట్టు

పైకి వెళ్లాక వచ్చే మొదటి కోరిక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే: "మన ఇల్లెక్కడ?" దాని వెంటే ఇంకొకటి: "కాస్త కిందికి దించి ఒక చుట్టు తిప్పు." డాబా మీద నిలబడి చేతులూపేవాళ్లు కూడా సిద్ధంగా ఉంటారు.

విమానం మలుపు తిరిగేటప్పుడు రెక్కలు వాలుతాయి. వాలినప్పుడు రెక్క పుట్టించే బలంలో కొంత భాగం పక్కకు పోతుంది. ఎత్తు తగ్గకుండా ఉండాలంటే మొత్తం బలం పెరగాలి. 45 డిగ్రీలు వాలిస్తే విమానం తన బరువుకు 1.4 రెట్లు మోస్తుంది, 60 డిగ్రీలైతే రెట్టింపు. దాంతో రెక్క పట్టు కోల్పోయే వేగం, అంటే స్టాల్ వేగం, పెరుగుతుంది. తిన్నగా వెళ్తున్నప్పుడు 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 45 డిగ్రీల మలుపులో దాదాపు 60 నాట్లకే, 60 డిగ్రీల మలుపులో దాదాపు 70 నాట్లకే ఆ స్థితికి చేరుతుంది. కళ్లు కింద డాబా మీద ఉంటాయి, వేగం చూపే ముల్లు మీద ఉండవు. ఇల్లు రెక్క చాటుకు పోతుంటే మలుపు ఇంకాస్త బిగుస్తుంది. ఎత్తు తక్కువైతే సరిదిద్దుకునే చోటు మిగలదు.

దీనికి మందు సులభం. ఇల్లు చూపించాలంటే తగినంత ఎత్తులో, పక్కనుంచి, తిన్నగా వెళ్తూ చూపించాలి. డాబా మీద వాళ్లకు కనిపించకపోతే పోనీ. ఈ మాట నేల మీద ఉండగానే చెప్పాలి. పైకి వెళ్లాక "వద్దు" అనడం పైలట్‌కూ కష్టమే, అడిగినవాళ్లకూ చిన్నతనమే.

చెవి చెప్పే అబద్ధం

కుటుంబం ఉన్నప్పుడు ప్రయాణం మానుకోవడం ఎందుకంత కష్టమో, మానుకోకపోతే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటి ప్రపంచమంతా చూసింది. 1999 జూలై 16 సాయంత్రం అమెరికా మాజీ అధ్యక్షుడి కుమారుడు జాన్ ఎఫ్. కెన్నడీ జూనియర్ తన పైపర్ సరటోగా విమానంలో భార్య కరోలిన్‌ను, ఆమె అక్క లారెన్‌ను ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి బయలుదేరారు. దారిలో వదినను మార్తాస్ వినియార్డ్ దీవిలో దించి, దంపతులు కుటుంబంలో జరిగే పెళ్లికి వెళ్లాలి. బయలుదేరే సరికి సూర్యాస్తమయం అయిపోయింది. గాల్లో మసక ఉంది, కింద సముద్రం. విమానం దీవికి చేరకుండానే నీళ్లలో కూలింది. ముగ్గురూ మరణించారు.

కెన్నడీకి లైసెన్సు వచ్చింది 1998 ఏప్రిల్‌లో. మొత్తం అనుభవం సుమారు 310 గంటలు. పూర్తిగా కొత్తవారు కాదు, ఆరితేరినవారూ కాదు. బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలను మాత్రమే చూసి నడిపే అర్హత అప్పటికి ఆయనకు లేదు. చీకట్లో నీటి మీదుగా దిగుతూ దిశాభ్రాంతికి లోనై విమానాన్ని అదుపు చేయలేకపోయారని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. ఆ రోజు తోడు వస్తానని ఒక శిక్షకుడు అన్నారని, తానే ఒంటరిగా నడపాలనుకుంటున్నట్లు కెన్నడీ బదులిచ్చారని కూడా దర్యాప్తు నివేదికలో ఉంది.

ఈ దిశాభ్రాంతి తెలివితక్కువతనం కాదు, శరీర నిర్మాణం. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలు ఉంటాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం వెనకబడి సన్నని రోమ కణాలను వంచుతుంది. మెదడుకు "తిరుగుతున్నాం" అన్న సంకేతం వెళ్తుంది. కానీ విమానం ఒకే తీరులో తిరుగుతూ ఉంటే కొద్ది సెకన్లలో ద్రవం కూడా అదే వేగం అందుకుంటుంది. రోమాలు నిటారుగా నిలుస్తాయి, తిరగడం ఆగిందని మెదడు అనుకుంటుంది. అప్పుడు రెక్కలను నిజంగా సమం చేస్తే ఎదురు దిశలో తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. పగలు క్షితిజ రేఖ కనిపిస్తుంటే కళ్లు ఈ అబద్ధాన్ని దిద్దుతాయి. మబ్బులోనో, చీకట్లోనో దిద్దేవాళ్లు లేరు.

ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం 1954లో వెలువరించిన అధ్యయనంలో పరికరాల మీద నడిపే శిక్షణ లేని 20 మందిని ఏమీ కనిపించని పరిస్థితి కల్పించి పరీక్షించారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

మన దేశంలో కంటిచూపు ఆధారంగా సాగే విమాన ప్రయాణాలు సాధారణంగా పగటికే పరిమితం. కాబట్టి ఇది తమకు వర్తించదని కొత్త పైలట్ అనుకోవచ్చు. కానీ వానాకాలంలో అరగంటలో కమ్ముకొచ్చే మబ్బు, శీతాకాలపు పొగమంచు, నగరాల మీద దుమ్ము తెర పగలే క్షితిజ రేఖను మింగేస్తాయి. అమెరికా విమానయాన సంస్థ పైలట్లకు నేర్పే నాలుగు అంశాల పరిశీలనలో పైలట్, విమానం, వాతావరణం తర్వాత నాలుగోది బయటి ఒత్తిడి. పెళ్లి ముహూర్తం, లీవు దొరికిన ఒక్క రోజు, రాత్రంతా రైల్లో వచ్చిన బాబాయి... ఇవన్నీ ఆ నాలుగో అంశమే. మబ్బుకు ముహూర్తం తెలియదు.

ఎక్కేవాళ్లకూ పని ఉంది

ప్రయాణికులు సామాను కారు. వాళ్లకు కొన్ని సంగతులు తెలిస్తే ప్రయాణం సుఖంగానూ, భద్రంగానూ ఉంటుంది.

ఇంజిన్ పూర్తిగా ఆగాకే ఎక్కాలి, దిగాలి. తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి కనిపించదు. చీర కొంగు, చున్నీ, టోపీ, పిల్లల చేయి జాగ్రత్త. ముందు కుడి సీటు ఎదుట కూడా పైలట్‌కున్నట్లే కంట్రోళ్లు ఉంటాయి. భయంలో పట్టుకోవడానికి అవి ఊచలు కావు. పాదాల దగ్గర పెడళ్ల మధ్యకు ఫోను జారిపడినా ఇబ్బందే. బెల్టు ఎలా పెట్టుకోవాలో, తలుపు ఎలా తెరవాలో ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి చూడాలి, చెబితే విని ఊరుకోకూడదు.

కడుపులో తిప్పడానికి కారణం కళ్లు ఒకటి చెబుతుంటే చెవి ఇంకొకటి చెప్పడం. ఫోను తెర చూస్తుంటే ఇది ఎక్కువవుతుంది. దూరంగా క్షితిజ రేఖను చూస్తే తగ్గుతుంది. ఖాళీ కడుపూ మంచిది కాదు, పెళ్లి భోజనమూ మంచిది కాదు. సంచీ ఒకటి అందరి దగ్గరా ఉండాలి. జలుబు చేసినవాళ్లు ఆ రోజు ఎక్కకపోవడమే మేలు. చెవికీ గొంతుకూ మధ్య ఉన్న నాళం మూసుకుపోతే దిగేటప్పుడు పీడనం సర్దుకోక చెవి విపరీతంగా నొప్పి పుడుతుంది.

టేకాఫ్ నుంచి ఒక ఎత్తుకు చేరేవరకు, మళ్లీ దిగడం మొదలైనప్పటి నుంచి విమానం ఆగేవరకు ఎవరూ మాట్లాడకూడదు. ఒకే మినహాయింపు: దగ్గరలో ఇంకో విమానమో, పక్షుల గుంపో కనిపిస్తే వెంటనే చెప్పాలి. నిజానికి ఇది ప్రయాణికులకు అప్పగించదగిన మంచి పని. నాలుగు జతల కళ్లు రెండు జతల కన్నా మేలు, ఏదో పని ఉన్న మనసుకు భయం కూడా తక్కువ.

ఇంత చాదస్తం అవసరమా?

ఈ జాగ్రత్తలన్నీ వింటే ఒక అభ్యంతరం రావడం సహజం. లైసెన్సు ఇచ్చేముందు ప్రభుత్వం పరీక్షించింది కదా, ఇంకా అనుమానం ఎందుకు? ఇంతగా చెబితే ఇంటివాళ్లు అసలు ఎక్కుతారా? ఆడపిల్ల పైలట్ అయితే "అందుకే వద్దన్నాం" అనడానికి ఎదురుచూసేవాళ్లకు ఇదొక సాకు కాదా?

ఈ అభ్యంతరంలో నిజం ఉంది. సరళా తుక్రాల్ 1936లో 21 ఏళ్ల వయసులో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపినప్పుడు ఆమె అప్పటికే ఒక బిడ్డ తల్లి. ఇంటివాళ్ల ప్రోత్సాహం లేకుండా అది జరిగేది కాదు. ఇంటివాళ్లను ఎక్కించుకునే ప్రయాణం ఆ ప్రోత్సాహానికి కృతజ్ఞత, రేపటి పిల్లలకు ప్రేరణ. దాన్ని మానుకోమనడం ఈ వాదన ఉద్దేశం కాదు.

కానీ దాచిపెట్టిన ప్రమాదం వల్ల నమ్మకం పెరగదు. మొదటి కుదుపుకే అది చెదిరిపోతుంది. కుదుపు ఎందుకొస్తుందో ముందే విన్న తల్లి కుదుపు వచ్చినప్పుడు కూతురి ముఖం చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. ఏమీ వినని తల్లి సీటు పట్టుకుని కళ్లు మూసుకుంటుంది, మళ్లీ ఎక్కదు. ఇక పరీక్ష విషయానికొస్తే, పరీక్షకుడు చూసింది ఒక రోజు, ఒక గాలి, ఒక బరువు. మిగతా రోజుల పరీక్షకుడు పైలటే. ఆ పరీక్షలో ఇంటివాళ్ల ముందు తనను తాను తప్పించుకోగలిగే ధైర్యం కూడా ఒక మార్కు.

చేయదగిన పనులు

కొన్ని పనులు ఖర్చు లేనివి, కొన్ని కొద్ది ఖర్చుతో అయ్యేవి. ఇంటివాళ్లను ఎక్కించుకోవడానికి ముందు ఒక్కసారైనా శిక్షకుడితో కలిసి, వెనక సీట్లలో బరువు ఉంచి ఎగరాలి. శిక్షణ సంస్థలు దీన్ని లైసెన్సు తర్వాతి చివరి పాఠంగా అలవాటు చేస్తే మంచిది. విమానం అద్దెకిచ్చే క్లబ్బులు కూడా మొదటిసారి ప్రయాణికులతో వెళ్లే పైలట్ బరువు లెక్కను కాగితం మీద అడిగి చూడాలి. లెక్క తప్పుతుందనే అనుమానంతో కాదు, అత్తయ్యను బరువు అడగడానికి పైలట్‌కు ఒక సాకు దొరుకుతుంది కాబట్టి.

మొదటిసారి ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఉదయం, అలవాటైన చోటు నుంచి బయలుదేరి, అరగంటలోపు అక్కడికే తిరిగి రావాలి. వేరే ఊళ్లో ఎవరూ భోజనానికి ఎదురుచూడకూడదు. ఏ పరిస్థితిలో మానుకోవాలో ముందు రాత్రే అంకెలతో రాసుకుని ఇంట్లో చదివి వినిపించాలి: గాలి ఇంత దాటితే, చూపు ఇంత తగ్గితే, పైలట్‌కు నిద్ర చాలకపోతే ప్రయాణం లేదు. అప్పుడు ఉదయం మానేసేది కాగితం, కొడుకో కూతురో కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక మాట. ఎక్కినవాళ్లలో ఎవరైనా, చివరికి ఎనిమిదేళ్ల పిల్లాడైనా, "చాలు" అంటే విమానం వెనక్కి తిరగాలి. ఎందుకని అడగకూడదు, తర్వాత ఎగతాళి చేయకూడదు. ఆ మాట తమ చేతిలో ఉందని తెలిసినవాళ్లు దాన్ని వాడే అవసరం తక్కువే పడుతుంది.

1910 మే 25న మిల్టన్ రైట్ ఎక్కిన ప్రయాణంలో ఈ సూత్రాలు చాలావరకు ఉన్నాయి. ప్రయాణికుడు ఒక్కరే. ఎగిరింది కొడుకులకు అంగుళం అంగుళం తెలిసిన హఫ్‌మన్ ప్రెయిరీ మైదానం మీద. ఎగిరిన సమయం ఏడు నిమిషాల లోపు, ఎత్తు దాదాపు 350 అడుగులు. నడిపిన ఆర్విల్ అప్పటికే పడి లేచినవాడు. తండ్రి వయసు 81 ఏళ్లు, విమానం ఎక్కడం అదే మొదటిసారి. ఆయన భయపడతాడేమోనని కొడుకు అనుకున్నాడో లేదో గానీ, పైకి వెళ్లాక ఆ పెద్దాయన కొడుకు చెవి దగ్గరికి వంగి అడిగింది మాత్రం ఇంకా పైకి తీసుకెళ్లమనే.